కాక పేరుతో రెండు పిలుపులు

గల్ఫ్‌లోని వాడి కబీర్ పేటలో ఖమరుద్దీన్ మెకానిక్ వర్క్‌షాపు మీద ఒక పొడుగాటి గది ఉండేది. అందులో పదకొండు మంచాలు, గురకపెట్టే పాత ఏసీ ఒకటి, గోడకు వరసగా వేలాడే బ్యాగులు. శుక్రవారం వచ్చిందంటే ఆ గదికి పెళ్లికళ వచ్చేది. ఒకపక్క కూర ఉడికే వాసన, ఇంకోపక్క కింద నుంచి గ్రీజు వాసన. ఒకాయన బట్టలు పిండుకునేవాడు. ఇంకొకాయన ఇంటికి పంపే క్యాసెట్‌లో మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో వెక్కేవాడు. "బంద్ చెయ్యిరా, క్యాసెట్ తడుస్తది!" అని మిగతావాళ్లు నవ్వేవాళ్లు.

తొంభై ఒకటో సంవత్సరం జూన్‌లో వచ్చిన ఒక శుక్రవారం మాత్రం ఆ గదిలో ఎవరూ గట్టిగా నవ్వలేదు. కిటికీ పక్క మంచంలో గంగన్న కాక జ్వరంతో పడి ఉన్నాడు. నాలుగో రోజు. క్లినిక్‌లో సూది వేశారు, గోళీలిచ్చారు. జ్వరం మాత్రం కాలుతున్న రేకు మీద నీళ్లు చల్లినట్టు, తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎగిసేది.

సురేందర్ ఆయన నుదుటి మీద తడిబట్ట మార్చాడు. ఇరవై రెండేళ్ల పిల్లగాడు. తండ్రి పోయిన నాటి నుంచీ ఈ కాకే భుజాన మోసి పెంచాడు. వీసా తెప్పించిందీ కాకే, విమానంలో బెల్టు ఎట్లా పెట్టుకోవాలో చూపించిందీ కాకే. ఆ భుజం ఇప్పుడు ఎండిన చెరుకు గడలా దుప్పటి కింద కదలకుండా ఉంది. కాక లేకపోతే... ఆ మాట అక్కడికే ఆపేసేవాడు సురేందర్. దాని తర్వాత ఏముందో చూడటానికి గుండె చాలేది కాదు.

డ్యూటీకి పోకపోతే వీసా క్యాన్సిల్ చేసి పంపిస్తారని కాకకు భయం. అందుకే రాత్రి సైట్‌లో తన పని చేసుకుని, పగలు కాక బదులు సురేందరే పోతున్నాడు. వ్యాన్ దగ్గర ఫోర్‌మన్ ఎహసాన్ తల ఎత్తకుండా పేర్లు చదువుతాడు.

"గంగన్నా!"

"హాజర్!" అని సురేందర్ పలుకుతాడు.

ఎహసాన్‌కు గొంతు వినపడితే చాలు. మొహంతో పని లేదు. ఒకడి పేరుకు ఇంకొకడు పలకడాన్ని ఆ క్యాంపుల్లో బద్లీ అంటారు. అందరూ చేసేదే. అందులో తప్పుందని ఎవరికీ తోచదు.

"ఏమిరా హీరో, గంత సేపు దువ్వుతున్నవ్?" పక్క మంచం నుంచి లచ్చన్న అన్నాడు. "కాక డ్యూటీకి పోతున్నవా, నర్సమ్మను చూడనీకి పోతున్నవా?"

"నువ్వు కాకను చూస్కో లచ్చన్నా. సాయంత్రం దాక కండ్లు మూయకు."

"నేను చూస్కుంట గని, నువ్వు జర ఆ జుట్టు వదిలి పో!"

కాక కళ్లు సగం తెరిచాడు. "బిడ్డా... నాలుగ్గంటలకు నేను పోవాలె. మేడమ్ నాటకం. అది నా పార్టు..."

"నేను పోతున్న గద కాకా. నువ్వు పండు."

కాక వినలేదు. మళ్లీ మగతలో పడ్డాడు.

బౌషర్‌లో ఖర్జూరపు చెట్ల వెనక, ఇసుక దిబ్బలకు దగ్గరగా ఉంటుంది ఆ విల్లా. అందులో ఎనభై ఏళ్ల ఇంగ్లీషు మేడమ్ ఒంటరిగా ఉంటుంది. ఆయిల్ కంపెనీలో పనిచేసిన భర్త ఎప్పుడో పోయాడు. ఆమె మాత్రం ఈ ఎండకు అలవాటు పడి ఇక్కడే ఉండిపోయింది. చెట్లకు నీళ్లు పెట్టి, గదులు తుడిచి, సాయంత్రం దాకా ఉండటం కాక డ్యూటీ. మేడమ్‌కు మందులిచ్చి చూసుకునేది నర్సు సెలిన్. నరసాపురం దగ్గరి పిల్ల. ఆమె తలుపు తీస్తే సురేందర్‌కు మొదటి వానకు మట్టి వాసన లేచినట్టుండేది. ఆ సంగతి ఆమెకు తెలియదు. లేదా తెలిసే ఊరుకునేదేమో.

"వచ్చారా? మీ బాబాయిగారికి ఎలా ఉందండీ?"

"గట్లనే ఉన్నది సిస్టర్. నిన్నటి కంటె ఇంక ఎక్కువైంది."

"ప్రార్థన చేస్తన్నానండి. ముందు లోపలికి రండి, బయట దుమ్ము గాలి లేచేలా ఉంది."

పెద్ద హాల్లో మేడమ్ పడక కుర్చీలో కూర్చుని టీ తాగుతోంది. గోడల నిండా ఫోటోలు. అన్నిటిలోనూ ఒకడే మనిషి. ఒకదాంట్లో కిరీటం, ఒకదాంట్లో చింపిరి కోటు, ఒకదాంట్లో కత్తి. కళ్లకు నిండుగా కాటుక. ఎటు నడిచినా ఆ కళ్లు వెంట వచ్చేవి. సినిమా పిచ్చి ఉన్న సురేందర్ రెండు రోజులుగా వాటి ముందు నిలబడిపోతున్నాడు.

"ఎవరు సిస్టర్ గీయన?"

సెలిన్ మేడమ్‌ను అడిగింది. మేడమ్ మొహం దీపం పెట్టినట్టు వెలిగింది. ఆమె సన్నగా చెబుతూ పోయింది, సెలిన్ తెలుగు చేస్తూ పోయింది.

"ఈవిడ నాన్నగారంటండీ. సెడ్రిక్ వెల్డన్. చేపలమ్ముకునే వాళ్లింట పుట్టాడంట, మా ఊరోళ్ల లాగే." నవ్వింది. "పంతొమ్మిదో ఏట నాటకాల కంపెనీలో పెట్టెలు మోయడానికి చేరాడంట. తెర వెనక నిలబడి అందరి మాటలూ కంఠస్థం చేసేశాడంట. అది చూసి కంపెనీవాళ్లు పెద్ద యాక్టరుకి బదులుగా పెట్టుకున్నారంట."

"ఆడ గూడ బద్లీ ఉంటదా?"

"ఉంటాడంటండీ! పెద్దాయనకి ఒంట్లో బాలేకపోతే ఆ వేషం ఇతను కడతాడన్నమాట. ఒకరోజు ఆ పెద్దాయనకి దగ్గొచ్చింది. తెర వెనక పేరు పిలిచారు. ఈయన పలికి వెళ్లాడు. ఆ సాయంత్రం నుంచీ ఈయన దశ తిరిగిపోయిందంట. తర్వాత లండన్. తర్వాత సినిమాలు. మాటల్లేని సినిమాలండీ అప్పుడు, అంతా కళ్లతోనే. అరవై సినిమాలు చేశాడంట. ఆడపిల్లలు ఈయన ఫోటో దిండు కింద పెట్టుకుని పడుకునేవాళ్లంట."

సురేందర్ ఆ కాటుక కళ్ల వైపు చూశాడు. పెట్టెలు మోసేవాడు... రాజయ్యాడు. తను కూడా సిమెంటు బస్తాలు మోస్తున్నాడు గదా. ఎక్కడో ఒక తెర వెనక తన పేరు కూడా ఎవరైనా...

"తర్వాత మాటల సినిమాలొచ్చాయి. ఈయన గొంతు పీలగా ఉండేదంట, పగిలిన పీకలాగ. హాల్లో జనం నవ్వేశారంట. మళ్లీ నాటకాలకే వచ్చేశాడు. యాభై ఏళ్ల వయసులో మళ్లీ బదులు మనిషిగానే..."

"దగ్గొచ్చిన పెద్దాయన తగ్గినంక మల్ల రాలేదా?"

సెలిన్ ఆ ప్రశ్న అడిగింది. మేడమ్ టీ కప్పు కింద పెట్టి తాపీగా జవాబిచ్చింది. సెలిన్ వెంటనే తెలుగు చెయ్యలేదు.

"ఏమన్నది?"

"ఆయన... ఆ మంచం మీంచి లేవలేదంట. లండన్‌లో ఇంకొకాయన మెట్ల మీంచి పడి చచ్చిపోయాడంట. మూడో ఆయనకి జ్వరం." ఆమె గొంతు తగ్గింది. "వెల్డన్‌గారు ఎవరి పేరుకి పలికినా... ఆ పేరుగల మనిషి లేవలేదంటండీ."



సురేందర్ చూపు హాలు మధ్యకు పోయింది. అక్కడ ఒక తలుపు నిలబడి ఉంది. గోడ లేదు. ఉత్త చెక్క చట్రం, దానికి తలుపు, ఇత్తడి పిడి. వెల్డన్ ఆడిన ఆఖరి నాటకం నుంచి మేడమ్ ఓడలో తెప్పించుకున్నదట. తలుపుకు ఇవతల ఒక కుర్చీ. రోజూ నాలుగ్గంటలకు మేడమ్ ఆ నాటకం పుస్తకం చదువుతుంది. చదివి చదివి ఒకచోట ఆగి, "గంగన్నా" అని పిలుస్తుంది. పిలవగానే పలికి, ఆ తలుపులోంచి వచ్చి, కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకోవాలి. అదే పార్టు. ముసలామె సంబురం కోసం కాక నెలన్నరగా చేస్తున్నాడు. "నేను గూడ యాక్టర్నే రా!" అని గదిలో మీసం దువ్వేవాడు.

బుధవారం కూడా మేడమ్ కాక పేరే పిలిచింది. సురేందర్ అలవాటుగా "హాజర్" అన్నాడు. ఆ సాయంత్రం కాక జ్వరం ఎగిసింది.

గురువారం పిలిచింది. పలికాడు. ఆ సాయంత్రం నుంచి కాక మనిషిని సరిగా గుర్తు పట్టడం లేదు.

సురేందర్ ఆ తలుపు నుంచి వెనక్కి జరిగాడు. "సిస్టర్... నేను రెండు దినాలు కాక పేరుకు పలికిన."

సెలిన్‌కు అర్థమైంది. మెడలోని శిలువను గట్టిగా పట్టుకుంది. "ఇవాళ పలక్కండి. అంతే. ఈవిడ కాసేపు అలుగుద్ది. ఏమవుద్ది?"

"నా పాణం పోయినా పలుక."

నాలుగు కావడానికి పది నిమిషాలుంది. దుమ్ము గాలి ఇంటిని చుట్టేసింది. కిటికీల్లో ఎండ ముందు పసుపైంది, తర్వాత కాఫీ రంగైంది. ఖర్జూరపు మట్టలు గోడకు కొట్టుకుంటున్నాయి. కరెంటు పోయింది. ఏసీ ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఒక వాసన మెల్లగా లేచింది. తడిసిన ఉన్ని కోటు వాసన. దాని కింద మొహానికి పూసుకునే పౌడరు వాసన. ఇంకా కింద, చాలా రోజులు తెరవని పెట్టె వాసన...

మేడమ్ పుస్తకం తెరిచింది. ఆ మసక వెలుతురులో అక్షరాలు కనపడవు. అయినా చదువుతోంది. చదివి, చదివి... ఆగింది.

ఈసారి ఆమె పిలవలేదు. తల వంచి చెవి ఒగ్గింది.

టక్. టక్. టక్.

గోడ లేని తలుపు మీద. అవతల వైపు నుంచి.

సెలిన్ సురేందర్ చెయ్యి పట్టుకుంది. ఇంకో రోజైతే ఆ స్పర్శకు వాడు గాల్లో తేలిపోయేవాడు. ఇప్పుడు ఆ చెయ్యి మంచులా ఉందని మాత్రమే తెలిసింది. తలుపు చట్రం పక్క నుంచి అవతల వైపు స్పష్టంగా కనపడుతోంది. అక్కడ ఎవరూ లేరు. కిటికీ ఉంది. దుమ్ము ఉంది.

ఇత్తడి పిడి సగం తిరిగింది.

"గం... గన్నా..."

పీల గొంతు. పగిలిన పీకలాంటి గొంతు. తెలుగు పేరు నోటికి తిరగక, ఒక్కో అక్షరాన్నీ తడుముకుంటూ...

సురేందర్ నాలుక దానంతట అదే లేచింది. రోజూ వ్యాన్ దగ్గర పలికే నాలుక. "హా..." వరకు వచ్చింది. మెడలో తువ్వాలు తీసి నోట్లో కుక్కుకున్నాడు. ఊళ్లో శాంతవ్వ చిన్నమ్మ చెప్పే మాట గుర్తొచ్చింది. మనిషైతే మూడు సార్లు పిలుస్తడు బిడ్డా, దయ్యం రెండు సార్లే పిలుస్తది. మూడోది వినపడేదాక పలుకకు. పలుకకపోతే దానికి నీ మీద జోరు లేదు.

"గంగన్నా..."

ఈసారి తడబాటు లేదు. మంచిగా నేర్చుకున్నట్టు వచ్చింది.

సురేందర్ పళ్లు తువ్వాలులో దిగిపోయాయి. కళ్లల్లో నీళ్లు. ఒకటి... రెండు... మూడో పిలుపు కోసం ఊపిరి బిగబట్టాడు.

రాలేదు.

పిడి మెల్లగా వెనక్కి తిరిగింది. వాసన సన్నబడింది. తలుపు అవతల అడుగుల చప్పుడు... దూరమవుతూ, దూరమవుతూ... పోయింది.

తువ్వాలు ఊడబీకి సురేందర్ నేల మీద కూలబడ్డాడు. నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది. "పోయింది సిస్టర్! పలుకలే నేను! కాక బతికిండు!"

"ప్రభువా... నీకు స్తోత్రం," అంటోంది సెలిన్.

మేడమ్ పుస్తకం మూసింది. అలిగినట్టు లేదు. ఎవరికో వీడ్కోలు చెప్పినట్టు నవ్వి, నాలుగు మాటలు అంది. సెలిన్ మళ్లీ శిలువను పట్టుకుంది.

"ఏమన్నది?"

సెలిన్ తల అడ్డంగా ఊపింది.

"చెప్పు సిస్టర్! నీ కాళ్లు మొక్కుత!"

"వాళ్ల నాన్నగారి ఆఖరి రోజు... ఆయన జ్వరంతో లోపల గదిలో పడుకుని ఉన్నాడంట. ఆయనకి బదులుగా ఇంకో కుర్రాడు వేషం కట్టి రెడీగా ఉన్నాడు. వెల్డన్‌గారి పేరు పిలిచారు. పలికితే మనుషులు చచ్చిపోతారని ఆ కుర్రాడు విన్నాడంట. భయపడి నోరు మూసుకున్నాడు. రెండు సార్లు పిలిచారు. పలకలేదు." ఆమె హాలు మధ్యనున్న కుర్చీ వైపు చూసింది. "వేషం ఖాళీగా ఉండకూడదంటండీ. బదులు మనిషి పలక్కపోతే... అసలాయన దగ్గరికే వెళ్లి పిలుస్తారంట. వెల్డన్‌గారు ఆ జ్వరంతోనే లేచి వచ్చి, ఆ కుర్చీలో కూర్చుని... ప్రాణం పోయిందని ఎవరికీ తెలీలేదంట. నటన అనుకున్నారంట."

సురేందర్ ఒక్క దూకు దూకి ఆ తలుపు మీద పడ్డాడు. "హాజర్! హాజర్! నేనే గంగన్నను! ఈడ ఉన్న! నన్ను తీస్కపో!" పిడి పట్టి లాగాడు. తలుపు తేలిగ్గా తెరుచుకుంది. అవతల అదే హాలు. అదే దుమ్ము. వినేవాళ్లు లేరు.

సెలిన్ అప్పటికే ఫోను తిప్పుతోంది. వర్క్‌షాపు నంబరు. రెండోసారికి కలిసింది. సురేందర్ లాక్కున్నాడు.

"ఖమరుద్దీన్ భాయ్! నేను, సురేందర్‌ను! మీదికి పోయి కాకను పట్టుకో! ఎవడు పిలిచినా పలుకొద్దని చెప్పు!"

అవతల ఖమరుద్దీన్‌ది బోధన్, తెలుగు బాగా వచ్చు. నవ్వాడు. "ఏం పరాచికాలు రా? యాడికెంచి ఫోన్ చేస్తున్నవ్? గిప్పుడే గద నువ్వు మెట్లెక్కి పోయింది. సలామ్ చేస్తె గూడ చూడకుంట పోయినవ్."

"అది నేను కాదు భాయ్! అల్లా మీద ఒట్టు, నేను కాదు!"

"అరే, గదో... నీ గొంతే ఇనొస్తున్నది మీదికెంచి..."

ఫోనులో దూరంగా, సిమెంటు మెట్ల మీంచి కిందికి జారుతూ, సురేందర్ తన గొంతు తనే విన్నాడు.

"కాకా... ఓ కాకా..."

వెంటనే, నాలుగు రోజులుగా సరిగా మాట పెగలని గొంతు, పొద్దున పొలం మీదికి పోయేటప్పటి గొంతు, హాయిగా పలికింది.

"ఆఁ... అస్తున్న బిడ్డా."

టాక్సీ ఎట్లా దొరికిందో, ఆ దుమ్ములో ఎట్లా పోయిందో సురేందర్‌కు తర్వాత గుర్తు లేదు. దారి పొడుగునా "హాజర్... హాజర్..." అని గొణుగుతూనే ఉన్నాడు. డ్రైవరు భయపడి అద్దంలో చూస్తూనే ఉన్నాడు. వర్క్‌షాపు ముందు దిగి, నోరు తెరుచుకుని చూస్తున్న ఖమరుద్దీన్‌ను దాటి, మెట్లు మూడేసి చొప్పున ఎక్కాడు.

గది తలుపు తీసే ఉంది.

మంచాలన్నీ గోడలకు జరిపేసి ఉన్నాయి. మధ్యలో ఇనుప కుర్చీ. అందులో కాక. వీపు నిటారుగా, చేతులు మోకాళ్ల మీద, కళ్లు మూసుకుని. మొహంలో జ్వరం లేదు. ఏ బాధా లేదు. తొమ్మిది మంది చుట్టూ గోడలకు ఆనుకుని వరసగా నిలబడి ఉన్నారు. ఎవరూ కదలడం లేదు.

సురేందర్ కాక ముక్కు దగ్గర వేలు పెట్టాడు. చాలాసేపు అట్లాగే పెట్టి ఉంచాడు.

"కాకా... నేనే. లే."

పలకలేదు.

"లచ్చన్నా, చూస్కొమ్మన్న గదనే! అంబులెన్సును పిలువలేదా? అందరు గిట్ల నిలబడ్డరేందే?"

లచ్చన్న నిద్రలోంచి లేచినవాడిలా కళ్లు నులుముకోబోయి, "అబ్బా" అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నువ్వే పిలిచినవ్ గదరా... తలుపవుతల నుంచి. కాక లేచిండు. మంచిగ నడిచి అచ్చిండు. కూసున్నడు. కండ్లు మూసిండు. ఎంత సక్కగ కూసున్నడు రా... పాణం పోయిందని మాకు సమజే కాలే."

సురేందర్ ఏడుస్తూ అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. లచ్చన్న కెవ్వుమని విడిపించుకున్నాడు.

అరచేతులు నెత్తురు చిమ్మేలా ఎర్రగా వాచి ఉన్నాయి. వేళ్ల మొదట్లో బొబ్బలు.

సురేందర్ తల తిప్పి చూశాడు. గోడ పక్కన ఉన్న ప్రతి మనిషీ తన చేతులు తెరిచి మొహం ముందు పెట్టుకుని, నెమ్మదిగా ఊదుకుంటున్నాడు. తొమ్మిది మంది. పద్దెనిమిది అరచేతులు. గంటసేపు ఆపకుండా చప్పట్లు కొడితే కందిపోయినట్టు...

"ఏమైందే మీ చేతులకు?"

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"తెలువదు రా..." అన్నాడు లచ్చన్న, గుసగుసగా. "మంటలు మండుతున్నయి."